ఓసియాలో ఎర్రబడ్డ ఆకాశం

నరసింగరావుకి కొత్త ఊళ్ళు చూసే సరదా ఉందంటే భిలాయి రుఆబాంధా సెక్టారులో కుక్కలు కూడా నమ్మవు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు ముందు నిలబడి ముప్ఫై ఏళ్ళకి పైగా కరిగిన ఇనుము పారించిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లోంచి అరుగు మీదకి, అరుగు మీంచి ఇంట్లోకి, అంతే ఆయన ప్రయాణం. పెళ్ళయిన కొత్తలో భార్య సత్యవాణి పూరీ వెళ్దామని ముచ్చటపడితే, "సముద్రం ఏటి సూత్తావే, మీ భీమిలీలో సూడలేదేటి?" అని ముసుగు తన్నేశాడు. ఆ పూరీ ముచ్చట ఇప్పటిదాకా తీరలేదు.

అలాంటి మహానుభావుడు జోధ్‌పూర్ స్టేషన్లో కాలు పెట్టీ పెట్టగానే, "ఎలగూ బికనేరుకి కారు మాటాడుకుంటన్నాం కదే. తోవలో ఓసియా అని ఇసక దిబ్బల ఊరుందంట. డేరాల్లో ఉండొచ్చంట. ఒక పూట ఆగుదాం, వాణీ" అన్నాడు. సత్యవాణి చేతిలో టీ సగం చీర మీద ఒలికింది.

"జొరం గానీ వొచ్చిందేటండీ?" అని నుదురు తడిమి చూసింది కూడా.

నిజానికి వాళ్ళు ఇల్లు తాళం వేసి బయల్దేరింది షికారుకి కాదు. కొలిమి వేడి ఏళ్ళ తరబడి తగిలి తగిలి నరసింగరావు రెండు కళ్ళలోనూ పొరలు కట్టాయి. భిలాయిలో డాక్టరు ఒకసారి ఆపరేషనుకి రోజు పెడితే ఈయనకి జలుబు చేసింది. ఇంకోసారి పెడితే దసరా అడ్డొచ్చింది. మూడోసారికి డాక్టరే విసుక్కుని, "ఇంకా ముదరబెట్టుకుంటే ఆ తర్వాత కోసినా చూపు రాదయ్యా, నీ ఇష్టం" అన్నాడు. ఈ మాట చెవిన పడగానే కూతురు కిరణ్మయి రంగంలోకి దిగింది. అల్లుడు ఎయిర్‌ఫోర్సులో, కాపురం బికనేరులో. అక్కడి ఆస్పత్రిలో పేరున్న డాక్టరమ్మతో మాట్లాడి, రేపు మధ్యాహ్నం లోపల నాన్న చేరాలని గట్టిగా చెప్పింది. ఆ డాక్టరమ్మ ఆ తర్వాత పిల్ల దగ్గరికని నెలల తరబడి సెలవులో వెళ్ళిపోతోందిట.

బయల్దేరే ముందు పక్క క్వార్టరు గున్నమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది. "రాజస్థానా? ఇసక తప్ప ఏటుందే అక్కడ? ఆ ఇసకేదో మన శివనాథ్ నదిలో లేదేటి?" అంది. పవర్ హౌస్ బజార్లో కొన్న కొత్త స్వెట్టరు మడతపెడుతూ సత్యవాణి కూడా నిజమేననుకుంది.

ఓసియాలో దిగాక గున్నమ్మ మీద జాలేసింది ఆవిడకి.

ఊరు దాటి, పాతకాలపు గుడి గోపురాలు దాటి, కారు ఓ ముళ్ళ కంచె పక్కన వాళ్ళని దింపి వెళ్ళిపోయింది. కంచె అవతల తెల్లటి డేరాలు నాలుగైదు. వాటి వెనక ఇసక. ఇసకంటే మామూలు ఇసకా! నేల లేచి నిలబడి, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచినట్టుంది. ఎవరో చీరకుచ్చిళ్ళు సర్ది పెట్టినట్టు సన్నటి మడతలు, ఎక్కడా చెదరకుండా, కంటికి ఆనినంత దూరం. సత్యవాణి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఎందుకు విప్పిందో ఆవిడకే తెలీదు. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు విప్పినట్టు విప్పేసింది.

భిలాయిలో ఎటు చూసినా చూపు చివర ఒక చిమ్నీ ఉంటుంది. చూపు అక్కడిదాకా పోయి, దాన్ని గుద్దుకుని వెనక్కి వస్తుంది. ఇక్కడ చూపు అలా పోతూనే ఉంది. ఆపే నాథుడు లేడు. ఇంత ఖాళీని దేవుడు ఎవరికోసం దాచిపెట్టాడో! ఆవిడకి ఒళ్ళు జల్లుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే సిగ్గేసి కొంగుతో తుడుచుకుంది.

ఆశ్చర్యం మీద ఆశ్చర్యం ఏమిటంటే, నరసింగరావు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

పెళ్ళినాడు పురోహితుడు పట్టించిన చెయ్యి. ఆ తర్వాత నలుగురిలో ఏనాడైనా పట్టుకుంటే ఒట్టు. అలాంటివాడు కారు దిగినప్పటి నుంచి వదల్లేదు. దిబ్బ ఎక్కుతుంటే చెయ్యి, డేరాలోకి వంగుతుంటే చెయ్యి, చెయ్యి కాకపోతే భుజం. ముసలాడికి దసరా పండగంటే ఇదే కాబోలని సత్యవాణి మొహం ఎర్రబడింది.

"ఏటండీ ఇది, ఈ వొయసులో? ఎవులైనా సూత్తే?"

"ఎవులు సూత్తారే ఇక్కడ? ఒంటెలా?" అన్నాడాయన.

ఒంటెలు నిజంగానే చూస్తున్నాయి. రెండు ఒంటెలు మూతులు సాగదీసి నెమరేస్తూ, అత్తగార్లు కొత్త కోడల్ని చూసినట్టు కిందకీ మీదకీ చూస్తున్నాయి. సత్యవాణి పకపకా నవ్వేసింది. పట్టుకున్న చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

డేరాల యజమాని ఖేతారామ్ ఎర్రటి తలపాగా మనిషి. ఆరుబయట రెండు నులక మంచాలు వాల్చి, సజ్జ రొట్టెలు, నెయ్యి, ఎండుకాయల కూర తెచ్చి పెట్టాడు. వీళ్ళ హిందీ విని, "ఛత్తీస్‌గఢ్ సే హో క్యా?" అని నవ్వాడు. నరసింగరావు మీసం దువ్వి, "భిలాయి. తుమ్హారా రైల్ కా పటరీ హమారే యహాఁ సే ఆతా హై, భయ్యా" అన్నాడు. మీ రైలు పట్టాలు మా ఊరివేనన్న ఆ గొప్ప చెప్పుకోకుండా ఆయన ఎక్కడా నీళ్ళు కూడా తాగడు.

తిన్నాక ఇద్దరూ మంచాల మీద నడుం వాల్చారు. పని లేదు, పొయ్యి లేదు, షిఫ్టు లేదు, కూరలవాడి కేక లేదు. ఆయన టోపీ మొహం మీద పెట్టుకుని గుర్రు పెట్టాడు. ఆవిడ ఒత్తిగిలి పడుకుని ఇసక రంగులు మారడం చూసింది. పొద్దు నెత్తిన ఉన్నప్పుడు పాలిపోయి ఉన్నది, వాలే కొద్దీ పసుపైంది, ఆ తర్వాత బెల్లం రంగుకి తిరిగింది. ఒక్క సినిమాకి మూడు గంటలు కూర్చుంటే నడుం పట్టేసే మనిషికి, పొద్దుటి నుంచి ఇసక చూస్తూ కూర్చున్నా విసుగు పుట్టలేదు. ఇంత అందం ఉందని ఎవరూ చెప్పలేదేమిటి నాకు, అని ఎవరి మీదో తెలీని కోపం కూడా వచ్చింది.

సాయంత్రం కిరణ్మయి ఫోను చేసింది. ఆ పిల్ల భిలాయిలో పుట్టి పెరిగింది, తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది. "అమ్మా, నాన్నకి బహానా చెప్పే ఛాన్స్ ఇవ్వకు. రేపు సుబహ్ సుబహ్ బయల్దేరిపోండి. డాక్టర్ మేడమ్ దోపహర్ తర్వాత దొరకరు, సమఝీ?"

సత్యవాణి ఫోను పెట్టేసి, "తెల్లారగట్లే గాడీ రమ్మని సెప్పాలండీ" అంది.

నరసింగరావు టోపీ కింద నుంచి, "తొందరేటే? బాగుంది కదా. రేపు కూడా ఉందాం" అన్నాడు.

"డాక్టరమ్మ ఎల్లిపోతాది కదా?"

"ఎల్తే మల్లీ రాదేటి? అప్పుడే సూసుకుందాం."

సత్యవాణి మంచం మీద లేచి కూర్చుంది. అప్పుడు వెలిగింది ఆవిడకి. ఇసక మీద మోజు కాదు, పెళ్ళాం మీద మోజు అసలే కాదు. జలుబు అయిపోయింది, దసరా అయిపోయింది, ఇప్పుడు ఓసియా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుంటుందిట.

"అదా సంగతి! నన్ను షికారు తిప్పుతన్నారని మురిసిపోతన్నాను, ఎర్రిమొకాన్ని! ఆపరేసనెగ్గొట్టడానికా ఈ వొగలన్నీ?"

"నీకెప్పుడూ అనుమానమే. నాకేటే, కొంచెం మసక, అంతే. పొద్దున్న ఒంటెల్ని సూసి నవ్వలేదేటి నేను?"

"నవ్వింది నేను!"

ఆ మాటతో మూతి ముడుచుకుంది. ఆయన బుజ్జగించాడు. పలకలేదు. పొద్దుగూకేదాకా దిబ్బ మీద కూర్చుందాం రమ్మన్నాడు. పలక్కుండానే వెళ్ళింది. అలిగింది మొగుడి మీద గానీ దిబ్బ మీద కాదు కదా. ఆయన భుజం పట్టుకుంటే విదిలించుకోవాలనుకుని, ఎత్తు చూసి ఊరుకుంది.

పొద్దు వీపు వెనకాల దిగిపోయింది. ఎదురుగా తూర్పున ఆకాశం నీలమై, నల్లబడింది. చలి మొదలైంది. దూరంగా ఒంటె మెడలో గంట ఒక్కటి మోగి ఊరుకుంది. ఖేతారామ్ టీ గ్లాసులు ఇచ్చి దిబ్బ దిగిపోయాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని టీ తాగారు.

అప్పుడు ఎదురుగా ఉన్న పెద్ద దిబ్బ వెనకాల ఆకాశం కమిలినట్టు ఎర్రబడింది.

"స్లాగ్ ఒంపుతన్నారు" అంది సత్యవాణి, అలిగిన సంగతి మర్చిపోయి.

భిలాయివాళ్ళకి అది నోటికి వచ్చేసే మాట. ఫర్నేసులో ఇనుము దిగాక పైన తేలే తెట్టుని పెద్ద పెద్ద గిన్నెల్లో రైలు మీద ఊరి చివరికి తీసుకెళ్ళి, సలసల కాగుతుండగానే ఒంపేస్తారు. ఒంపినప్పుడల్లా ఆకాశం సగం ఎర్రబడుతుంది. సత్యవాణి కొత్త కోడలిగా భిలాయి క్యాంప్ 2 బస్తీలో అడుగుపెట్టిన మొదటి రోజు ఆ ఎరుపు చూసి ఊరంటుకుందని కేకలు పెడితే, అత్తగారు నూకాలమ్మ, "ఏటీ లేదే అమ్మా, స్లాగ్ ఒంపుతన్నారు. తొంగో" అని చాప వేసింది. ఆ తర్వాత ఆవిడకీ అలవాటైపోయింది. మబ్బు పడితే వానంటాం, ఎర్రబడితే స్లాగంటాం, అంతే.

"ఔను. పెద్ద గిన్నే" అన్నాడు నరసింగరావు, మాట కలిసినందుకు సంతోషపడి.

అన్నాక గానీ సత్యవాణికి తట్టలేదు. ఈ ఎడారిలో ఫర్నేసెక్కడిది? స్లాగెక్కడిది? ఫక్కున నవ్వు వచ్చింది. నవ్వబోతూ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

దిబ్బ అంచు మీద చంద్రుడు పైకి వస్తున్నాడు.

పున్నమి వెళ్ళిన మర్నాటి చంద్రుడు. ఎంత ఉన్నాడని! మొదట ఎర్రటి గీతలా అంచు కనపడింది, ఆ అంచు పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక ఆగడేమో అన్నంత పెరిగి దిబ్బంతా తనే అయ్యాడు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన పెనం రంగు. చప్పుడు లేదు. అంత పెద్దది అంత చప్పుడు లేకుండా కదలడం సత్యవాణి పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. ఆవిడ ఊళ్ళో పెద్దవేవి కదిలినా నేల అదురుతుంది, కిటికీలు గలగలమంటాయి. ఇది లోకాన్ని నిద్ర లేపకుండా వచ్చేస్తోంది. కింద ఇసక మడతలకి ఒక్కొక్కదానికీ ఒక్కొక్క నీడ పుట్టి, వాళ్ళ కాళ్ళ దాకా వెలుగు పాకింది. డేరాల దగ్గర మాటలు కూడా ఆగిపోయాయి. ఆవిడ రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

"ఓలమ్మో... ఓలమ్మో..." అంది. ఇంకో మాట దొరకలేదు.

"ఊఁ. రెండో గిన్నె కూడా ఒంపేసినారు" అన్నాడు నరసింగరావు. "ఇక్కడ కూడా ఏదో ఫ్యాక్టరీ ఉంది గావాల."

వేళాకోళమనుకుని నవ్వుతూ ఇటు తిరిగింది. ఆయన మొహంలో వేళాకోళం లేదు. పనివాడు పని చూసి మెచ్చుకున్నట్టు తలూపుతున్నాడు. ఆయన కళ్ళు చంద్రుడి మీద కూడా లేవు. కొంచెం పక్కకి, ఖాళీ ఆకాశం మీద ఉన్నాయి.

సత్యవాణి చేత్తో దిబ్బ వైపు చూపించింది. "ఏటండీ, ఆ గుండ్రంగా ఉన్నది..." అంది నెమ్మదిగా.

"గుండ్రమేటే ఎర్రిదానా! ఒంపిన స్లాగ్ గుండ్రంగా ఉంటాదేటి? పారిపోతాది గానీ."

నువ్వు చదివితే వినడానికి బాగుంటుందే అని పేపరు ఆవిడ చేత చదివించుకోవడం, టీ గ్లాసు అందుకునే ముందు గాల్లో తడుముకునే వేళ్ళు, క్వార్టరు వదిలి ఎక్కడికీ రాననడం, ఇవాళ కారు దిగినప్పటి నుంచీ విడవని చెయ్యి... అన్నీ ఒక్కసారి వచ్చి ఆవిడ మీద పడ్డాయి. కొంచెం మసకట! ఇంటి గోడలు కంఠతా వచ్చు కాబట్టి ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఇసకకి గోడలెక్కడివి?

"నా మొకం కనబడతందా మీకు?"

ఆయన టీ గ్లాసు ఇసకలో పెట్టబోతే అది ఒరిగిపోయింది. చివరికి, "గొంతు ఇనబడతంది కదే" అన్నాడు.

"ఎప్పట్నించండీ?"

"వానల ముందు దాకా బాగానే ఉన్నావు. తరవాత్తరవాత మాసిపోయినావు."

సత్యవాణికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుతో పాటు కోపం, కోపంతో పాటు తన మీద తనకే అసహ్యం. ఒకే కంచంలో తిని, ఒకే చూరు కింద పడుకుని, ఇంత సంగతి పోల్చుకోలేకపోయిందే! "అందుకేనా చెయ్యి పట్టుకున్నారు? నేనేటో అనుకుని సిగ్గుపడి సచ్చిపోతన్నాను!"

"మొదట కనబడకే పట్టుకున్నాను" అన్నాడు నరసింగరావు. "తరవాత బాగుండి పట్టుకున్నాను."

ఆవిడ ముక్కు చీదుకుంది. నవ్వాలో తిట్టాలో తెలీలేదు. "ఇంత ముదరబెట్టుకుని మల్లీ రేపు కూడా ఉందామంటారా? ఏటండీ మీ దైర్యం?"

"దైర్యమేటే. బయం." ఆయన గొంతు తగ్గింది. "క్యాంప్ 2 హరినాథ్ ఎక్కడో కళ్ళ క్యాంపులో సేయించుకున్నాడు కదా, ఏటైనాడు? ఉన్నదీ పోయింది. నాకు ఈ ఎరుపైనా కనబడతంది, వాణీ. పొద్దుంటే పొద్దనీ, దీపముంటే దీపమనీ తెలస్తంది. కత్తి పెట్టినాక ఇదీ పోతే?"

పోదని చెప్పడానికి సత్యవాణి ఏమైనా డాక్టరా? హరినాథ్ ఇంటికెళ్ళి ఆ గుడ్డి కళ్ళు ఆవిడా చూసింది. ఎదురుగా చంద్రుడు దిబ్బని విడిచి గాల్లోకి లేచాడు. ఎరుపు కొంచెం కొంచెం కరిగి లోపలి నుంచి పసుపు బయటపడుతోంది. అంత బాధలోనూ ఆవిడ చూపు అటే లాగేసింది.

"అది స్లాగ్ కాదండీ" అంది. "చందమామ."

నరసింగరావు ఉలిక్కిపడ్డాడు. "ఏటీ?"

"చందమామండీ. దిబ్బెనక నుంచి లేసినాడు."

"అంతెర్రగానా!" ఇసకలో చేతులు ఊని లేచి నిలబడ్డాడు. టోపీ తీసేశాడు. మొహం అటూ ఇటూ తిప్పి ఆ ఎరుపు మధ్య ఎక్కడో దాని కోసం వెతికాడు. "ఓరి దేవుడో! చందమామ ఆకాశమంత ఎర్రగుంటాడేటి? నేను పుట్టినకాడ నుంచి ఎరుపంటే మన కొలిమే అనుకున్నాను!" చిన్నపిల్లాడి గొంతు అది. కొలిమి ముందు తలొంచని మనిషి, కనపడని దానికి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఎంతున్నాడే? ఎలగున్నాడు? సెప్పు, సెప్పు!"

సత్యవాణి చెప్పబోయింది. పేపరు చదివిపెట్టిన నోరు, మందు చీటీ చదివిపెట్టిన నోరు, అడిగిందే తడవుగా అన్నీ చెప్పే నోరు. మాట పెదాల దాకా వచ్చింది. చెప్పేస్తే ఆయనకి సరిపోతుంది. విని, తలూపి, చాలే అనుకుని, రేపు కూడా ఈ ఇసకలోనే పడుకుంటాడు. ఆవిడ పళ్ళు బిగబట్టింది.

"సెప్పను" అంది.

"అదేటే?"

"సెప్పనంటే సెప్పను. ఎల్లి సేయించుకుని, వొచ్చి మీరే సూసుకోండి."

"నీ పంతం మండా! కనబడక సస్తంటే పంతాలేటే? కత్తి పెట్టినాక మొత్తానికే పోతే?"

సత్యవాణి లేచి ఆయన ఎదురుగా నిలబడింది. రెండు చేతుల్తో ఆయన మొహం పట్టుకుంది. ఒంటెలు చూస్తే చూశాయి.

"పోతే అప్పుడు సెప్తాను. రోజూ సెప్తాను. పొద్దు సెప్తాను, దీపం సెప్తాను, పేపరు సెప్తాను, నా మొకం ఎంత ముసిలైపోయిందో అదీ సెప్తాను. సచ్చిందాకా సెప్తూనే ఉంటాను. ఇయ్యాల మాత్రం సెప్పను."

ఆయన ఆ చేతుల మీద తన చేతులు వేశాడు. తర్వాత డేరాల వైపనుకుని ఒంటెల వైపు తిరిగి కేకేశాడు.

"ఖేతారామ్ భయ్యా! గాడీ చాహియే. బికనేర్. ఏకదమ్ సుబహ్!"

ఇంకో దిక్కు నుంచి, "హో జాయేగా, సాబ్!" అని వినపడింది. తెల్లారగట్ల ప్రయాణానికి కారు కుదిరింది.

ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు. సత్యవాణి శాలువా తీసి సగం ఆయన మీద కప్పింది. చంద్రుడు ఇంకా పైకి లేచాడు. ఎరుపంతా పోయి పాలవెలుగు దిబ్బల మీద ఒలికి, ఎడారి ఎడారంతా తెల్లారిపోయినట్టయింది. చెప్పకుండా ఉండటం ఇంత కష్టమని ఆవిడకి తెలీదు.

నరసింగరావు కాసేపు ఓపిక పట్టాడు. ఆ తర్వాత మోచేత్తో పొడిచి, గుసగుసగా, "ఒలే, తెల్లబడ్డాడేటే?" అన్నాడు.

సత్యవాణి కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారిపోతున్నా, మాట్లాడకుండా కూర్చుంది.